పండుగప్ప

టెక్కలికి చేరువనున్న భావనపాడు, నౌపడా ప్రాంతములకు సముద్రపుపోటు ఉప్పుటేళ్లగుండ వచ్చును. ఇట్టి ఏళ్లలో పెరుగు చేపలలో పండుగప్ప మేలైనది.

దీని జీవితము విచిత్రము. తొలుత మగచేపయై యుండి, కొన్నియేండ్లకు పెద్దదై ఆడుదిగా మాఱును. కనుక గాలమునకు చిక్కిన పెనుచేప సాధారణముగ తల్లియే. వానకాలమున నది మొగకు చేరి లక్షలకొలది గ్రుడ్లు పెట్టును.

తూర్పుతీరమున 2015 నుండి ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వఱకు సముద్రమున మరపడవల వేట నిషిద్ధము. వానలు ముదురునప్పటికి ఆ గడువు తీరును. పిమ్మట ఈ తల్లికి రక్ష మన వంటయింటనే యున్నది.

పెద్దచేపకు వెల హెచ్చు; అది జాలరి సోదరికి జీవనాధారము. కావున వానకాలమున గ్రుడ్లచేపను కోరక, నడితరపుదానిని గీచి బేరమాడక కొనుడు. ఆమె యిల్లును నిలుచును, ఏఱును నిలుచును.