క్రొత్త చేప బెదరు

గాజుతొట్టిలోనికి క్రొత్తగా వచ్చిన చేప రెండు మూడు దినములు రాతిచాటు విడిచి రాకున్నచో, ఇంటివారు దానికేదో జబ్బు చేసినదని తలంచి అద్దమును తట్టుదురు, పుల్లతో కదలింతురు, తినలేదని మేత మీద మేత వేయుదురు. పెక్కు చేపలు ఈ యుపచారములకే బలియగుచున్నవి. దాగుట చేపకు రోగము కాదు, ప్రాణరక్షణోపాయము.

కేరళమునందు పడమటి కనుమల నుండి వడిగా పారు ఏళ్లలో చెంకణియాన్ అను చేప కలదు. అంగడివారు దీనిని ‘మిస్ కేరళ’ యందురు. ముట్టె మొదలుకొని కంటి మీదుగా నడిమి వరకు కుంకుమరేఖ, దాని క్రింద తోక వరకు కాటుకరేఖ. 1865లో ఫ్రాన్సిస్ డే అను శాస్త్రజ్ఞుడు దీనిని వర్ణించి, నాటి మద్రాసు గవర్నరు డెనిసన్ పేరు పెట్టెను. పేరు గవర్నరుదే గాని బెదరు మాత్రము లేడిది.

ఏటిలో ఇవి గుంపులుగా తిరుగును. ఒక్కదానినే తెచ్చి వేసినచో మూల విడిచి కదలదు. ఆరింటిని కలిపి పెంచినచో ఒకదాని నొకటి చూచి ధైర్యము తెచ్చుకొనును. ఒక్కొక్కటి ఆరంగుళముల వరకు పెరుగును గనుక, నాలుగడుగుల తొట్టికి తావులేని యింట వీని జోలికి పోకుండుటయే మేలు. విస్తారముగా పట్టి యమ్ముటచే ఈ జాతి క్షీణించి, అంతరించు ప్రమాదము గలవానిలో చేరినది. కావున తొట్లలో పుట్టించి పెంచిన పిల్లలనే యడిగి కొనవలెను.

చేపకంటె ముందు నీరు సిద్ధము కావలెను. తేటగా కనబడు నీరెల్ల మంచిది కాదు. చేప విసర్జించు మలినము వలన అమ్మోనియా యను విషము పుట్టును. దానిని హరించు సూక్ష్మజీవులు ఫిల్టరులో నెలకొనుటకు నాలుగు మొదలు ఆరు వారములు పట్టును. ఆరోగ్యముగా నున్న పాత తొట్టి ఫిల్టరులోని స్పంజి ముక్క నొకటి తెచ్చి వేసినచో, పాలకు తోడు వేసినట్లు, ఈ పని త్వరపడును. కొళాయి నీటిలోని క్లోరిన్ చేపకును ఈ జీవులకును గూడ శత్రువు. దానిని విఱుచు మందు అంగడిలో దొరకును.

చేపలను తెచ్చిన దినమున తొట్టి దీపమును ఆర్పవలెను. వానికి కనురెప్పలు లేవు. వెలుగు వలదన్నను కన్ను మూయజాలవు. సంచిని విప్పక పావుగంట నీటిపై తేలవిడిచి, పిమ్మట తొట్టినీటిని కొంచెము కొంచెముగా అందులో పోసి, చేపలను మాత్రమే వలతో దింపవలెను. తొట్టికి మూడు ప్రక్కల నల్లకాగితము అంటించి, లోపల మొక్కలు, రాళ్లు, చెట్టువేళ్లు దట్టముగా నుంచవలెను. చాటెక్కువైనచో చేపలసలే కనబడవేమో యని కొందరి భయము. జరుగునది దీనికి విరుద్ధము. దూరుటకు చోటు చేరువనే యున్నదని యెరిగిన చేపయే నిర్భయముగా నడుమకు వచ్చును. క్రొత్తకోడలిని తనదన్న గది యొకటి లేకుండ పదిమందిలో కూర్చుండబెట్టినచో, ఆమె మాత్రము నోరు విప్పునా?

మూత మరువరాదు, బెదరినప్పుడు ఇవి నీటి వెలుపలికి దుముకును. మొదటి దినము మేత వలదు. మరునాటి సాయంకాలము చిటికెడు వేసి, తినగా మిగిలినదానిని తీసివేయవలెను.

అయితే దాగుట వేరు, బాధపడుట వేరు. నీటిపైకి వచ్చి నోరు తెరచి ఎగరోజుట, రెక్కలు ముడుచుకొనుట, మేనిపై ఉప్పురవ్వల వంటి తెల్లచుక్కలు కనబడుట అపాయ సూచనలు. ఇవి చల్లని ఏటినీటి చేపలు గనుక, మన వేసవిలో నీరు వేడెక్కి ప్రాణవాయువు తగ్గినను ఎగరోజును. అప్పుడు గాలిబుడగల యంత్రమును నడపి, నీటిని పరీక్షించి, క్లోరిన్ విఱిచిన నీటితో నాలుగవ వంతు మార్చి, మరునాడు మరల చూడవలెను.