తల్లి నెత్తురు, బిడ్డ నెత్తురు

చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతములలో గర్భిణీ స్త్రీలు వైద్యశాలకు బోయినపుడు నెత్తురు పరీక్షించి, చీటీపై "పాజిటివు" అనియో "నెగటివు" అనియో వ్రాసి యిత్తురు. "నెగటివు" అను మాట వినినంతనే కోడలియందేదో దోషము గలదని పెద్దలు బెదరుట మే మెఱుగుదుము. ఇది దోషము కాదు. మన దేశమున నూటికి సుమారు ఐదుగురి నెత్తు రిట్టిదే.

ఎఱ్ఱకణముల పైపొరలో ఆర్‌హెచ్‌-డి అను మాంసకృత్తు కొందఱికి గలదు, కొందఱికి లేదు. దీనిని బయటపెట్టినవి ప్రతిరక్షకములు. శరీరము పరాయి వస్తువును బట్టుకొనుటకై పుట్టించు పదార్థము లివి. హిమాయత్‌సాగరమున వేసిన గాలమునకు ఒక్క జాతి చేపయే తగులుకొనిన ట్లనుకొనుడు. ఒక్కొక్క ప్రతిరక్షకము తనకు దగిన దానినే పట్టును.

మృతశిశువును గన్న యొక తల్లికి భర్త నెత్తు రెక్కింపగా వికటించెను. ఆమె నెత్తురున నిట్టి ప్రతిరక్షకము గలదని న్యూయార్కు వైద్యులు లెవీను, స్టెట్సను 1939లో ప్రకటించిరి. తరువాత 1982లో పరిశోధకులు ప్రతిరక్షకములనే గాలముగా జేసికొని, కణపు పొరనుండి ఆ మాంసకృత్తును వెలికి దీసిరి. అది పొరను పండ్రెండు మార్లు దూరి అల్లుకొని యుండునని పిదప దెలిసినది. దాని పని యేమో నేటికిని పూర్తిగా దేలలేదు. అది లేనివారును ఆరోగ్యముగానే యున్నారు.

అయిన నొక చిక్కు గలదు. తల్లి నెగటివై, బిడ్డ తండ్రివలన పాజిటివైనచో, కాన్పు వేళ బిడ్డ నెత్తురు కొంత తల్లిలో గలియును. అప్పుడు తల్లి శరీరమున ప్రతిరక్షకములు పుట్టును. తొలిబిడ్డకు సాధారణముగా హాని లేదు. తరువాతి బిడ్డ పాజిటివైనచో అవి మావిని దాటి దాని కణములను జంపును. బిడ్డ పాలిపోవును, పచ్చకామెరలు గలుగును, ఒక్కొక్కపుడు ప్రాణమే పోవును.

దీనికి 1968 నుండి యాంటీ-డి సూదిమందు గలదు. అదియు ప్రతిరక్షకమే! బిడ్డ కణములను తల్లి శరీరము గుర్తింపక మునుపే యిది తొలగించును. ఇరువదియెనిమిదవ వారమున నొకసారియు, బిడ్డ పాజిటివైనచో కాన్పైన 72 గంటలలోపల మఱియొకసారియు వేయుదురు. గర్భస్రావమైనను వైద్యుల నడుగవలెను. తల్లిలో ప్రతిరక్షకములు ముందే పుట్టియున్నచో ఈ మందు పనిచేయదు. కావున నెల తప్పినంతనే పరీక్ష చేయించుకొనుడు, భర్త నెత్తురును జూపింపుడు. అతడును నెగటివైన భయము లేదు.

బిడ్డ దక్కనపుడు కోడలిని నిందించుట తగదు. "సూదిమందు వేయించితిరా?" యని గడువులోపల నడుగు అత్తగారే ఆ యింటికి మేలు చేసినవారు.