టైరుకు వేసిన మార్కులు



కోసిగినుంచి ఏడో తరగతి కుర్రవాడొకడు ఈ నెల మంచి ప్రశ్న పంపాడు. వాళ్ళ మామ బెంగుళూరునుంచి మంత్రాలయం వెళుతూ దారిలో వాళ్ళింట్లో ఒక పూట ఆగాడట. ఆయనది స్పోర్ట్స్ కారు. వీడు కారు చుట్టూ తిరిగి చూస్తే, టైరు పక్కభాగంమీద "ట్రెడ్‌వేర్ 300" అని అచ్చుపోసి ఉన్నది. పక్కింటివారి మామూలు కారు టైరుమీద 500 ఉన్నది. "మామ కారు టైర్లు చాలా ఖరీదైనవి గదా, వాటికి మార్కులు తక్కువెందుకు వచ్చాయి?" అని వాడి సందేహం.

ఏళ్ళ తరబడి మార్కులు వేసినవాణ్ణి గనక ఈ ప్రశ్న నాకు మరీ నచ్చింది. మార్కులు ఎన్ని వచ్చాయని అడిగేముందు, ఏ పరీక్షలో వచ్చాయని అడగాలి. లెక్కల్లో 90 వచ్చినవాడు పరుగుపందెంలో మొదట రావాలని ఎక్కడుంది?

ట్రెడ్ అంటే టైరులో నేలను తాకే పైపొర. వేర్ అంటే అరుగుదల. అది ఎంత నిదానంగా అరుగుతుందో చెప్పటమే ఆ అంకె పని. టైరు రోడ్డును ఎంత గట్టిగా పట్టుకుంటుందో అది చెప్పదు.

ఈ రెండింటికీ తేడా మీ పెన్సిలు పెట్టెలోనే ఉన్నది. ఒక మెత్తని రబ్బరు, ఒక గట్టి రబ్బరు తీసుకోండి. మెత్తది గీతను చక్కగా చెరుపుతుంది గాని, పొట్టు రాలి నాలుగు రోజుల్లో సగమవుతుంది. గట్టిది ఏడాదైనా అరగదు, సరిగా చెరపదు కూడా. ఇప్పుడు ఆ రెండింటినీ పరీక్ష అట్టమీద పక్కపక్కన పెట్టి, అట్టను ఒకవైపు మెల్లమెల్లగా ఎత్తండి. మామూలుగా గట్టిదే ముందు జారుతుంది. రోడ్డుమీద కంటికి కనపడని గరుకులు ఎన్నో ఉంటాయి. మెత్తని రబ్బరు ఆ గరుకుల సందుల్లోకి దిగి పట్టుకుంటుంది. అలా పట్టుకున్న ప్రతిసారీ తనలో కాస్త పోగొట్టుకుంటుంది. మామ కారు టైరు ఇటువంటిదే.

పూర్వం ఎద్దుబండి చక్రానికి ఇనుప పట్టా ఉండేది. కమ్మరి దాన్ని ఎర్రగా కాల్చి, చెక్క చక్రానికి తొడిగి, నీళ్ళు పోసేవాడు. చల్లారేసరికి పట్టా కుదించుకుని చక్రాన్ని బిగించేది. అరుగుదల పరీక్ష పెడితే దాన్ని మించినది లేదు! కాని ఆ పట్టాలు వేసుకున్న కారు గంటకు వంద కిలోమీటర్ల వేగంతో పోతూ బ్రేకు వేస్తే ఏమవుతుంది? ఎద్దుల నడకకు గనక ఇనుము సరిపోయింది. (1888లో గాలి టైరుకు పేటెంటు పొందిన డన్‌లప్ ఒక పశువుల డాక్టరు. తన కొడుకు మూడుచక్రాల సైకిలు కుదుపు తగ్గించాలని ఆ పని మొదలుపెట్టాడు. ఈనాటి మన టైరు బండికి కూడా మూలం అదే.)

ఇంతకూ ఈ అంకె ఎలా వస్తుంది? ఇది అమెరికా ప్రభుత్వం పెట్టిన పద్ధతి. అక్కడి టెక్సాస్ రాష్ట్రంలో శాన్ ఆంజిలో అనే ఊరున్నది. మన ఆదోని ప్రాంతంలాగే అదీ వానలు తక్కువైన, పత్తి పండే సీమ. ఆ ఊరి చుట్టూ 400 మైళ్ళ, అంటే సుమారు 640 కిలోమీటర్ల, దారి ఒకటి నిర్ణయించారు. కొత్త టైర్లు తొడిగిన కార్లను వరుసగా ఆ దారిలో మొత్తం 7,200 మైళ్ళు నడుపుతారు. వాటితోపాటు ఒక ప్రమాణం టైరు కూడా తిరుగుతుంది. అరుగుదలను దానితో పోల్చి లెక్క కడతారు. 100 మార్కుల టైరుకన్న 200 మార్కుల టైరు ఆ దారిమీద రెండింతలు మన్నుతుందన్నమాట. 300 అంటే మూడు వందల కిలోమీటర్లూ కాదు, మూడు వేల కిలోమీటర్లూ కాదు.

ఇంకొక తిరకాసు ఉన్నది. పరీక్ష ఫలితం చూసి టైరుమీద అంకె వేసేది కంపెనీవారే. రాసినవాడే దిద్దుకున్నట్టు! ప్రభుత్వం తనిఖీ చేయవచ్చు గనక ఎక్కువ వేసుకోరు గాని, తక్కువ వేసుకుంటే అడిగేవారు లేరు. అందుచేత ఒకే కంపెనీ టైర్లను ఒకదానితో ఒకటి పోల్చటమే మేలు. మిషెలిన్ కంపెనీవే చూడండి. చాలాకాలం మన్నటానికి చేసిన డిఫెండర్ టీ ప్లస్ హెచ్ టైరుకు 820. స్పోర్ట్స్ కార్లకు చేసిన పైలట్ స్పోర్ట్ 4ఎస్‌కు 300. పందెపు బాటమీద కూడా తిప్పటానికి చేసిన పైలట్ స్పోర్ట్ కప్ 2 మొదట వచ్చినప్పుడు దానికి 180 మాత్రమే.

అంకె పక్కనే రెండు అక్షరాలుంటాయి. ట్రాక్షన్ అన్నది తడిరోడ్డుమీద బ్రేకు పట్టును చెబుతుంది. ఏఏ అన్నిటికన్న మేలు, తరవాత ఏ, బీ, సీ. అయితే ఆ పరీక్ష తిన్నని దారిలో చేసేది. మలుపులో పట్టు గురించి అది చెప్పదు. టెంపరేచర్ అన్నది వేడిని తట్టుకునే శక్తి. ఏ అంటే గంటకు 185 కిలోమీటర్లకు పైబడిన వేగంలో పుట్టే వేడికి కూడా నిలుస్తుంది. పెద్దలు టైరు కొనేటప్పుడు అంకె ఒక్కటే చూసి మురిసిపోతుంటారు. నన్నడిగితే ముందు చూడవలసింది ఆ తడిరోడ్డు అక్షరం.

మీలో కొందరు 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో, హుస్సేన్ సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా-ఈ కరెంటు కార్ల పందెం టీవీలో చూసి ఉంటారు. ఆ కార్ల టైర్లకు గాళ్ళు ఉన్నాయి. ఎండలోనైనా వానలోనైనా వాటితోనే పరుగెత్తాలి. ఫార్ములా వన్ కార్లు మాత్రం పొడి బాటమీద గాళ్ళు లేని నున్నని టైర్లతో పోతాయి. వాన వస్తే ఆగి, గాళ్ళున్నవి మార్చుకుంటాయి. ఇది చూసి "అరిగిన టైరు కూడా పందెపు టైరువంటిదే" అని వేళాకోళం చేసేవాళ్ళున్నారు. అది ప్రాణంమీదికి తెచ్చే మాట. పందెపు టైరు నున్నగా ఉన్నా దాని రబ్బరు మెత్తనిది. మన అరిగిన టైరులో మిగిలేది పాతబడి గట్టిపడిన రబ్బరు. వాన పడినప్పుడు నీరు బయటికి పోవటానికి గాళ్ళుండవు. చక్రం నేలను వదిలి నీటిపొరమీద తేలుతుంది. అప్పుడు బ్రేకూ పనిచెయ్యదు, స్టీరింగూ పనిచెయ్యదు.

గాళ్ళ అడుగున అక్కడక్కడ చిన్న రబ్బరు గట్లుంటాయి, వెదకండి. పైపొర అరిగి వాటితో సమమైతే, మిగిలిన లోతు 1.6 మిల్లీమీటర్లే. కారుకు మన చట్టం ఒప్పే హద్దు అదే. ఇక ఆ టైరు మార్చవలసిందే, దానిమీద 300 ఉన్నా 800 ఉన్నా.

గాలి సంగతి కూడా చూడాలి. గాలి తక్కువైతే టైరు పక్కలు మడతపడుతూ వేడెక్కుతాయి. మే నెల ఎండలో మన తారురోడ్డు వేడి దానికి తోడవుతుంది. ఎంత గాలి ఉండాలో సాధారణంగా డ్రైవరు తలుపు దగ్గర అంటించిన కాగితంమీద ఉంటుంది. తెల్లవారి, బండి కదలకముందే కొలిపించండి. నడిచి వచ్చిన టైరులో గాలి వేడికి వ్యాకోచించి కొలత ఎక్కువ చూపిస్తుంది. అది చూసి గాలి తీసేయకూడదు.