బొటనవేలి విద్య

ఇంగ్లండులో నాటింగ్‌హామ్‌లో స్థిరపడిన మా మేనల్లుడు మొన్న ఉత్తరం రాసేడు: “మావయ్యా! మీ మనవడికి పద్నాలుగేళ్ళు వచ్చేయి. ట్రెంట్ నదిలో గాలం వేస్తాడట. అందరూ వాడే రీలు వద్దు, సెంటర్‌పిన్ రీలే కావాలట. కొనమంటారా?”

తెలుగు మేష్టారిని, పైగా శాకాహారిని, నన్నడగడమేమిటని నవ్వకండి. నిరుడు వాళ్ళింట్లో రెండు నెలలుండి, సాయంత్రాలన్నీ ఆ నది ఒడ్డునే గడిపేను. అక్కడ పట్టిన చేపను చాలామంది తిరిగి నీళ్ళలోనే వదిలేస్తారు గనుక నా ఆచారానికీ భంగం రాలేదు.

ఈ రీలు ఆ ఊరికి కొత్తది కాదు. పూర్వం కర్రతో చేసిన వాటిని ‘నాటింగ్‌హామ్ రీళ్ళు’ అనే పిలిచేవారు. నిర్మాణం మన నూతి గిలక అంత సులువు. ఇరుసు మీద చక్రం, దాని చుట్టూ దారం, అంతే. ప్రవాహం బెండును లాక్కుపోతుంటే చక్రం దానంతటదే తిరిగి దారం వదులుతుంది.

దుకాణదారు చక్రాన్ని గిర్రున తిప్పి, “చూడండి, ఆగదు!” అంటాడు. మురిసిపోకండి. నెమ్మది నీటిలో కావలసింది, ఏ కాస్త లాగినా చక్రం కదలడం. దారం కొసన చిన్న సీసపు గుండు కట్టి వదిలి చూడండి. చక్రం ఇరుసు మీద ఊగిసలాడితే, ఎంత చవకైనా వద్దు. వ్యాసం 4 నుంచి 4½ అంగుళాలుంటే చాలు. దారం మరీ ఎక్కువ చుడితే పై వరుస కింది వరుసల్లోకి దిగి పట్టేస్తుంది.

ఇక వాడకమంతా బొటనవేలిలో ఉంది. నది పైనీరు వడిగా పోతుంది, అడుగునీరు నెమ్మదిగా పోతుంది. బెండును దాని మానాన వదిలితే, కింద ఎర అసహజమైన వేగంతో పరుగెత్తుతుంది, చేప నమ్మదు. చక్రం అంచు మీద వేలు ఆనించి బెండును కొంచెం నిదానింపజేయాలి. బార్బెల్ వంటి బలమైన చేప లాగినప్పుడు ఆ వేలే బ్రేకు. గట్టిగా నొక్కితే దారం తెగుతుంది. పూర్తిగా వదిలితే చిక్కుపడుతుంది. ఏకలవ్యుడి తరువాత బొటనవేలికి ఇంత గిరాకీ నేనెక్కడా చూడలేదు!

మేనల్లుడికి ఇలా జవాబు రాసేను: “కొను. కాని మొదటి నెలలో చేప పడలేదని వాణ్ణి ఎగతాళి చెయ్యకు. మార్చి 15 నుంచి జూన్ 15 వరకు అక్కడి నదుల్లో ఈ చేపల వేట నిషేధం కదా; ఆ రోజుల్లో పెరట్లో దారం వదలడం, ఆపడం నేర్పించు. వాడికి లైసెన్సు తియ్యడం మరువకు.”