సూర్యుని మొగము చూడవలదా?

అనంతపుర మండలమున సూర్యుని గూర్చి మంచిమాట పలుకువారరుదు. పడమటి కనుమలు నైరృతి మేఘముల నడ్డగింప, ఈశాన్యపు వానలు దారిలోనే సన్నగిల్ల, సాలుకు 550 మిల్లీమీటర్ల చేరువ వర్షముతో వేరుసెనగ పండించు రైతునకు నిర్మలాకాశము శాపముగానే తోచును. ఇప్పుడా యెండకును వెల వచ్చినది. 2022లో శ్రీ సత్యసాయి జిల్లాలో చేరిన నంబులపూలకుంట ప్రాంతమున వేలాది యెకరములలో సౌరఫలకములు పరచి విద్యుత్తు తీయుచున్నారు. మంచిదే. కాని యెండను యూనిట్లలో కొలుచు మనము సూర్యుని మొగము చూచుట యెన్నడు నేర్తుము?

ఈ ప్రశ్న తెలుగువారు వేసికొనదగినదే. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ గ్రహణవేళ ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ గుంటూరున నిలిచి, బింబపు టంచున లేచిన జ్వాలలను వర్ణపటదర్శినితో పరీక్షించి, అవి ఉదజని వాయువుతో వెలుగుచున్నవని కనుగొనెను. ఆ రేఖల కాంతిని చూచి, గ్రహణము లేకయే వానిని చూడవచ్చునని యతనికి తట్టెను, మరునాడే చూచెను. రెండు నెలలకు ఇంగ్లండున లాకియరు స్వతంత్రముగా ఆ పని సాధించెను. నేటి హైడ్రోజను-ఆల్ఫా దూరదర్శినికి పూర్వరూపము గుంటూరున నడచిన ఆ పరిశీలనమే. అదే గ్రహణమును మదరాసు నక్షత్రశాల యుద్యోగి చింతామణి రఘునాథాచారి వనపర్తి నుండి పరిశీలించెను. ఇట్టి పనులు మనవారికి చేతకావను మాట ఆనాడే చెల్లలేదు.

సామాన్యపు సౌరవడపోతతో చూచిన మచ్చలు మాత్రమే కానవచ్చును. హైడ్రోజను-ఆల్ఫా వడపోత 656.28 నానోమీటర్ల చెంతనున్న సన్నని యెఱ్ఱ కాంతిపాయను మాత్రము విడిచి తక్కిన వెలుగునంతను ఆపివేయును. అప్పుడు వర్ణమండలము బయల్పడును: అంచున భూమికంటె ఎన్నో రెట్లు పెద్దవైన జ్వాలలు, బింబముపై నల్లని దారములు, ఒక్కొక్కప్పుడు నిమిషములలో రూపుమారు విస్ఫోటములు. నేల కాగకముందు, ఉదయవేళనే, బింబము నిలకడగా నుండును. కెమెరాతో వేలకొలది చిత్రములు వెంటవెంట తీసి, వానిలో మేలైనవానిని కంప్యూటరుపై ఒకటిగా కూర్చిన చాలును, పట్టుదలగల విద్యార్థి యీ పనియంతయు చేయగలడు. ఎఱ్ఱగాజు ముక్క తగిలించి సామాన్య దుర్భిణిలో సూర్యుని చూచుట మాత్రము కన్నులు పోగొట్టుకొనుటయే; ఉపాధ్యాయుడు దగ్గరలేనిదే యెవ్వరు నీ పనికి పూనరాదు.

పరికరము ఖరీదైనదనుట నిజము. అయినను 2013 కంపెనీల చట్టము పెద్ద సంస్థలు లాభములో నూటికి రెండుపాళ్లు సామాజిక కార్యములకు వ్యయింపవలెనని విధించుచున్నది, విద్య అందులోనిదే. ఈ పీఠభూమి యెండతో లాభము గడించువారు ఈ పీఠభూమి బిడ్డలకు నాలుగు దూరదర్శినులు కొనిపెట్టుట దానము కాదు, బాకీ తీర్చుటయే. ఒకటి అనంతపురమున శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయమున నుంచి, తక్కినవి ఉన్నతపాఠశాలలకు తిప్పవచ్చును. కొడైకెనాలు నక్షత్రశాలలో నూరేండ్లకు పైబడి సూర్యచిత్రములు కూడియున్నవి. మన పిల్లలు తీసిన చిత్రములను వానితో పోల్చి చూడవచ్చును.

ఆలస్యమునకు తావు లేదు. సుమారు పదునొకండేండ్ల కొకమారు ఉచ్ఛస్థితి కెక్కు సౌరచక్రము 2024లో గరిష్ఠదశ కెక్కినట్లు ప్రకటింపబడినది. ఇక తగ్గుముఖమే. నేడు ఆఱవ తరగతిలో నున్న బాలుడు మరల నంతటి సంరంభమును చూచునప్పటికి కళాశాల దాటి, బహుశః పనికై బెంగుళూరు చేరియుండును.