సంతకం చేసిన చేతికి సంకెళ్లు లేవా?

ఇరాక్‌లోని అబూ గ్రైబ్ జైలు ఛాయాచిత్రాలు 2004 ఏప్రిల్‌లో వెలుగు చూశాయి. తలకు ముసుగు తొడిగి, చేతులకు తీగలు కట్టి, ఒక పెట్టెపై నిలబెట్టిన బందీ రూపాన్ని ముస్లిం లోకం ఇప్పటికీ మరువలేదు. ఆ ఛాయాచిత్రాల వ్యవహారంలో పదకొండు మంది అమెరికా సైనికులకు శిక్షలు పడ్డాయి. వారందరూ కింది స్థాయి వారే. అత్యధిక శిక్ష పదేళ్ల కారాగారం. ఆ తర్వాత న్యాయం జరిగిపోయిందని అమెరికా ప్రభుత్వం చేతులు దులుపుకుంది.

న్యాయం జరగలేదని మేము అంటున్నాము. బందీని కొట్టిన చేతికి శిక్ష పడింది. కొట్టవచ్చునని రాసి సంతకం పెట్టిన చేతికి పడలేదు. అమెరికా మాజీ అధ్యక్షుడు జార్జ్ బుష్‌ను, ఆయన సహచరులను చట్టం ముందు నిలబెట్టాలన్న డిమాండు పాతబడిపోయిందని కొందరు మాతో అంటారు. నేరానికి కాలదోషం పట్టనంత కాలం డిమాండు పాతబడదన్నదే వారికి మా జవాబు.

ఈ వ్యవహారంలో మా దగ్గర ఉన్నది ఆరోపణ కాదు, రాతపూర్వకమైన సాక్ష్యం. 2002 ఫిబ్రవరి 7న బుష్ సంతకం చేసిన ఉత్తర్వు, బందీల పట్ల కనీస మానవీయతను కోరే జెనీవా ఒప్పందాల ఉమ్మడి మూడవ అధికరణం అల్‌ఖైదా, తాలిబాన్ బందీలకు వర్తించదని ప్రకటించింది. అదే ఏడాది ఆగస్టు 1న అమెరికా న్యాయశాఖ న్యాయవాదులు జాన్ యూ, జే బైబీ ఒక న్యాయ సలహా పత్రం ఇచ్చారు. శరీర అవయవం పని చేయకుండా పోయేంత నొప్పి, లేదా మరణంతో సమానమైన నొప్పి కలిగితే తప్ప శారీరకంగా పెట్టే బాధ చిత్రహింస కాదని అందులో సూత్రీకరించారు. డిసెంబర్ 2న రక్షణమంత్రి డొనాల్డ్ రమ్స్‌ఫెల్డ్ గ్వాంటనామో బందీలపై ప్రయోగించవలసిన పద్ధతుల జాబితాను ఆమోదించాడు. తాను రోజుకు ఎనిమిది నుంచి పది గంటలు నిలబడే ఉంటానని, బందీలను నిలబెట్టడాన్ని నాలుగు గంటలకే ఎందుకు పరిమితం చేశారని ఆ కాగితం మీదే తన చేతిరాతతో ప్రశ్నించాడు. ఒక మంత్రి చేసిన పరిహాసం అది. దాని బరువు మోసింది సంకెళ్లలో ఉన్న మనుషులు.

ముఖంపై గుడ్డ కప్పి, నీళ్లు పోస్తూ ఊపిరాడకుండా చేసే వాటర్‌బోర్డింగ్‌ను సీఐఏ ఒక బందీపై 83 సార్లు, మరొకరిపై 183 సార్లు ప్రయోగించింది. రెండవ ప్రపంచ యుద్ధం తర్వాత ఇటువంటి నీటి హింసకే జపాన్ సైనికులను నేరస్థులుగా నిలబెట్టి శిక్షించింది అమెరికాయే. తాను ఈ పద్ధతికి అనుమతి ఇచ్చానని బుష్ 2010లో వెలువరించిన తన జ్ఞాపకాల గ్రంథంలో స్వయంగా ఒప్పుకున్నాడు. సాధారణ పౌరుడు పోలీసుల ముందు ఇటువంటి మాట చెబితే దానిని నేరాంగీకారం అంటారు. మాజీ అధ్యక్షుడు చెబితే అది పుస్తకమై అమ్ముడుపోయింది.

దేశ భద్రత కోసం తప్పలేదన్నది వారి మొదటి వాదన. అమెరికా సెనేట్ ఇంటెలిజెన్స్ కమిటీ 2014 డిసెంబర్‌లో విడుదల చేసిన నివేదికే దీనికి సమాధానం. సీఐఏ రహస్య నిర్బంధంలో ఉంచిన 119 మందిలో కనీసం 26 మందిని తన సొంత ప్రమాణాల ప్రకారమే అన్యాయంగా పట్టుకుందని, ఈ హింస సమాచారం రాబట్టడానికి పనికివచ్చే సాధనం కాలేదని ఆ కమిటీ తేల్చింది. ఒకవేళ పనికివచ్చినా నేరం నేరమే. యుద్ధమైనా, అత్యవసర పరిస్థితి అయినా, ఏ అసాధారణ కారణమూ చిత్రహింసకు సమర్థన కాదని ఐక్యరాజ్యసమితి చిత్రహింసల వ్యతిరేక ఒడంబడిక స్పష్టంగా చెబుతోంది. ఆ ఒడంబడికను అమెరికా 1994లో ధ్రువీకరించింది.

న్యాయవాదుల సలహా మేరకే నడుచుకున్నామన్నది రెండవ వాదన. సలహా ఇచ్చినది ఎవరు? ఆ ప్రభుత్వమే నియమించిన అధికారులు. తాళం చెవిని తానే దొంగకు ఇచ్చి, తలుపు తెరిచే ఉందని సాక్ష్యం చెప్పే యజమాని వంటిది ఈ వాదన. ఆ సలహాదారులలో ఒకరు ఫెడరల్ అప్పీలు కోర్టు న్యాయమూర్తి అయ్యారు, మరొకరు విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం బోధిస్తున్నారు.

వెనక్కి కాక ముందుకు చూడాలన్నది మూడవ వాదన. అధ్యక్షుడు ఒబామా పదవిలోకి వస్తూనే ఈ ధోరణి వినిపించాడు. నిర్బంధంలో మరణించిన ఇద్దరు బందీల కేసులను 2012 ఆగస్టులో ఆయన ప్రభుత్వం ఎవరిపైనా అభియోగం మోపకుండానే మూసివేసింది. ఒక పార్టీ నేరం చేసింది, మరొక పార్టీ తెర వేసింది. ఆఫ్ఘనిస్తాన్ యుద్ధ నేరాల దర్యాప్తుకు అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు 2020 మార్చిలో అనుమతిస్తే, ఆ కోర్టు ప్రాసిక్యూటర్‌పైనే అమెరికా ఆంక్షలు విధించింది. మరుసటి ఏడాది కొత్త ప్రాసిక్యూటర్ అమెరికా బలగాలపై దర్యాప్తును ప్రాధాన్యం లేనిదిగా పక్కన పెట్టాడు.

అయితే పెద్దవారిని చట్టం తాకలేదని నిరాశ చెందడానికి వీలులేదు. చిలీ మాజీ నియంత పినోచెట్ 1998 అక్టోబర్‌లో లండన్‌లో అరెస్టయ్యాడు. చాద్ మాజీ అధ్యక్షుడు హిసేన్ హబ్రేకు 2016లో సెనెగల్ రాజధాని డకార్‌లోని ప్రత్యేక న్యాయస్థానం యావజ్జీవ శిక్ష విధించింది. హబ్రే ముస్లిం. ఆయనను బోనెక్కించడానికి ఏళ్ల తరబడి పోరాడిన బాధితులలోనూ ముస్లిములు ఉన్నారు. మీవాడు చేస్తే మాట్లాడరని మమ్మల్ని ఎత్తిపొడిచే వారు ఈ సంగతి గమనించాలి. సీఐఏ అప్పగించిన బందీలను తమ చెరసాలల్లో హింసించిన ఈజిప్టు, సిరియా పాలకులూ ఈ నేరంలో భాగస్వాములేనని మేము నిస్సంకోచంగా చెబుతున్నాము.

మిలాన్ వీధి నుంచి ఒక ఇమామ్‌ను అపహరించిన కేసులో ఇటలీ కోర్టు 2009లో 23 మంది అమెరికన్లను వారి పరోక్షంలోనే దోషులుగా ప్రకటించింది. 2011 ఫిబ్రవరిలో బుష్ జెనీవా పర్యటన రద్దయింది. ఆయన అక్కడ అడుగుపెడితే చిత్రహింసల ఫిర్యాదు దాఖలు చేయడానికి మానవ హక్కుల సంస్థలు సిద్ధంగా ఉన్నాయి. 2024 నవంబర్‌లో వర్జీనియాలోని జ్యూరీ, అబూ గ్రైబ్‌లో నరకం అనుభవించిన ముగ్గురు ఇరాకీలకు 4 కోట్ల 20 లక్షల డాలర్లు చెల్లించాలని ఒక ప్రైవేటు కాంట్రాక్టు కంపెనీని ఆదేశించింది. ఆ ముగ్గురి కేసు 2008లో మొదలైంది. ఓపిక పట్టి నిలబడితే తలుపు కొంతైనా తెరుచుకుంటుందని వారు నిరూపించారు. కానీ కాలం మాత్రం ఆగదు. రమ్స్‌ఫెల్డ్ 2021లో, మాజీ ఉపాధ్యక్షుడు డిక్ చెనీ 2025లో ఏ న్యాయస్థానం ముందూ జవాబు చెప్పకుండానే మరణించారు.

ఒక పలుకుబడి గల తెగకు చెందిన స్త్రీ దొంగతనం చేసినప్పుడు ఆమెను వదిలివేయమని దైవప్రవక్త (సల్లం) వద్దకు సిఫారసు వచ్చింది. గొప్పవారిని వదిలి బలహీనులను శిక్షించినందువల్లనే పూర్వ జాతులు నాశనమయ్యాయని ఆయన హెచ్చరించారు. తన కుమార్తె ఫాతిమా అయినా శిక్ష ఒక్కటేనని స్పష్టం చేశారు. మా వైఖరికి పునాది ఇదే. మేము కోరుతున్నది ప్రతీకారం కాదు. బహిరంగ విచారణ, నిందితునికి తన వాదన వినిపించుకునే పూర్తి హక్కు, నిష్పాక్షికమైన తీర్పు కోరుతున్నాము. గ్వాంటనామో బందీలకు వారు నిరాకరించినది కూడా ఇదే.

ఇక మన ఇంటి సంగతి. 2007 మే నెలలో మక్కా మసీదు పేలుడు తర్వాత హైదరాబాద్ పాతబస్తీ యువకులను అక్రమంగా నిర్బంధించి హింసించారని రాష్ట్ర మైనారిటీల కమిషన్ నియమించిన న్యాయవాది నివేదిక బయటపెట్టింది. అరెస్టయిన యువకులు కోర్టులలో నిర్దోషులుగా బయటపడ్డారు. ప్రభుత్వం ఇచ్చిన పరిహారం కూడా 2013లో హైకోర్టులో చెల్లలేదు. వారిని హింసించిన వారెవరు, ఎవరి ఆదేశంపై హింసించారు అన్న ప్రశ్నకు జవాబు ఇప్పటికీ బాకీయే. భారతదేశం చిత్రహింసల వ్యతిరేక ఒడంబడికపై 1997లో సంతకం చేసింది, నేటికీ ధ్రువీకరించలేదు. 2010లో లోక్‌సభ ఆమోదించిన బిల్లు రాజ్యసభ దాటలేదు. 2017లో లా కమిషన్ మరో ముసాయిదా ఇచ్చినా అది చట్టం కాలేదు. వాషింగ్టన్‌ను వేలెత్తి చూపే మనం ఢిల్లీని, హైదరాబాద్‌ను, అమరావతిని నిలదీయకపోతే మన మాటకు విలువ ఉండదు.

కనుక మేము కోరుతున్నాము. బుష్‌పైనా, జీవించి ఉన్న ఆయన సహచరులపైనా అమెరికా ప్రభుత్వం స్వతంత్ర నేర విచారణ జరపాలి. సెనేట్ కమిటీ పూర్తి నివేదికను బహిర్గతం చేయాలి. అమెరికా చేయకపోతే, ఒడంబడికను ధ్రువీకరించిన దేశాలు తమ గడ్డపై అడుగుపెట్టిన నిందితులపై విచారణ చేపట్టాలి. భారత ప్రభుత్వం ఆ ఒడంబడికను ధ్రువీకరించి, ఆదేశం ఇచ్చిన అధికారిని సైతం శిక్షించే చట్టం తీసుకురావాలి. ఓటు అడగడానికి మన గడపలోకి వచ్చే ప్రతి అభ్యర్థినీ ఈ చివరి డిమాండుపై రాతపూర్వకంగా హామీ అడగవలసిందిగా పాఠక కుటుంబాలకు మా విన్నపం.