గోడమీది బిద్రీ పళ్ళెము

భోజనమునకై పుట్టిన పళ్ళెమును గోడకు వ్రేలాడగట్టుట వట్టి ఆడంబరమనియు, వస్తువును దాని ధర్మమునుండి తప్పించుట యనియు కొందఱు పెద్దలు ఆక్షేపింతురు. ఆ ఆక్షేపణము తేలికగా త్రోసివేయదగినది కాదు. యంత్రముపై వేలకొలదిగా అచ్చుపడిన పూలబొమ్మల పింగాణీ పళ్ళెములను డజనుల లెక్కన కొని గోడయంతయు నింపుకొను గృహములను చూచినపుడు నాకును అట్లే తోచును. కాని బిద్రీ పళ్ళెము విషయమున ఆ వాదము నిలువదు. వాడుకలోనుండి జారిపోవుచున్న ఆ కళకు మన యింటి గోడ ఆశ్రయమీయవలెనని నా దృఢాభిప్రాయము.

15వ శతాబ్దమున బహమనీ సుల్తానుల రాజధానియై వర్ధిల్లిన బీదరు పట్టణమువలన పేరుగొన్న ఈ పని, 1956లో రాష్ట్రముల పునర్విభజన జరుగువఱకు ఆ పట్టణము హైదరాబాదు రాజ్యమున చేరియుండుటచే, హైదరాబాదు దేవిడీల దినచర్యలో కలిసిపోయినది. హుక్కా కుదురు, పాన్‌దాను, అతిథులు చేతులు కడుగుకొను నీటికూజా, ఇవన్నియు ఒకప్పుడు నిత్యోపయోగములు. నేడు వానిని చూడగోరువారు సాలార్‌జంగు మ్యూజియమునకు పోవలెను. వస్తువునకు వాడుక తప్పినచో దానిని చేయు చేతులకు పని తఱుగుట సహజమే కదా! మిగిలిన రూపములలో కూజా బల్లపై చోటు కోరును, పెట్టె బీరువాలో దాగును. పళ్ళెము మాత్రము ఎంత యిరుకు గదిలోనైనను నేల నాక్రమింపక నిలిచి, ఇంటివారి కన్నులకు నిత్యము అందియుండును.

అది తయారగు క్రమము నెఱిగినవారు దానిని పాత్రసామగ్రిలో చేర్చరు. తుత్తునాగము 16 పాళ్ళకు రాగి ఒక పాలు చొప్పున కరగించి ఇసుక అచ్చులో పోసి, చల్లారిన పిదప ఆకురాయితో నునుపుచేసి, లోహపు తెల్లదనమున గీత కానరాదు గనుక మైలతుత్తపు నీటితో తాత్కాలికముగా నల్లబఱచి, దానిపై లతలను, గసగసాల పువ్వులను చేతితోనే గీచి, ఆ గీతలను ఉలితో చెక్కి, ఏర్పడిన సన్నని చాళ్ళలో వెండితీగను గాని ఱేకును గాని సుత్తితో కొట్టి కూర్చి, మీది నలుపును ఱుద్ది తొలగించిన తరువాత, బీదరు కోటలోని పాతమట్టిని నవాసాగరముతో నీట కలిపి, వేడిచేసిన పళ్ళెమునకు పట్టింతురు. అంతట మూలలోహము కాటుకవలె నల్లబడును, వెండి మాత్రము ఏ వికారమును పొందక తళతళలాడును. ఎండవానలు సోకని మట్టియే ఇందులకు తగినదని నమ్మి, పనివారు దానిని నాలుకపై రుచిచూచి మఱీ ఏరుదురు.

ఇంత శ్రమ చేసిన వస్తువును తగిన చోట నిలుపవలెను. మన యిండ్లలో పటములను దూలముల దాపున, మెడ నిక్కించి చూడవలసినంత ఎత్తున కట్టు నలవాటు కలదు. దేవతాపటములకును పితరుల ఛాయాచిత్రములకును ఆ ఎత్తు గౌరవమువలన వచ్చినది. బిద్రీ తీగపనికి అది హాని. కంటికి సమమైన ఎత్తున, ప్రక్కనుండి వెలుగుపడు తెల్లని సున్నపుగోడపై, చుట్టును ఏమియు లేక ఒక్క పళ్ళెమే యుండిన చాలును. బరువైనది గనుక జిగురుతో అంటించు కొక్కెములను నమ్మరాదు. చింతపండును దరికి రానీయరాదు, పులుపు తుత్తునాగమును తినివేయును. మెత్తని గుడ్డతో రవంత కొబ్బరినూనె తుడిచినచో నలుపు మరల గాఢమగును.

ఖరీదు హెచ్చందురు. నిజమే, అందులో వెండియు కలదు, పలువురి దినముల కష్టమును కలదు. బేరమాడి ఆ కష్టమును తగ్గించుటకంటె, నాలుగు చౌక పళ్ళెముల సొమ్ము కూడబెట్టి, కొంత ఆగి యైనను, ఒక్కటి కొనుట మేలు. చిత్రపటమునకు చిత్రకారుని సంతకము కావలెనని పట్టుబట్టు మనము పళ్ళెమును మాత్రము అనామకముగా ఏల స్వీకరింపవలెను? ప్రభుత్వ హస్తకళా విక్రయశాలలు ప్రతి బిద్రీ పళ్ళెము వెనుకను పనివాని పేరును, ఊరును చెక్కించుట నియమముగా పెట్టుకొనవలెను, కొనువారును దానిని అడిగి చూచుకొనవలెను. వెండి చాళ్ళు చెక్కుటయే వృత్తిగా గలవారికి తమ పేరు నాలుగక్షరములు చెక్కుకొనుట భారము కానేరదు.